సీతవాగు ఒడ్డున

నిన్న సాయంకాలము పర్ణశాలలో సీతవాగు ఒడ్డున కూర్చుండి, జానకి ఆరవేసిన నారచీరల గుర్తులని భక్తులు చూపించుకొను ఆ రంగుచారల బండలను చూచుచుండగా, నా చూపు ప్రక్కనున్న కొబ్బరికాయల బల్లపై నిలిచి, ఈ ఊరి బ్రతుకుతెరువుపైకి తలపు మరలినది.

భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున, గోదావరి అంచున నున్న ఈ పల్లె, 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోను, పిదప ఖమ్మములోను, 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెములోను ఉన్నది. జిల్లాలు మారినను బ్రతుకుతెరువు మారలేదు: యాత్రికుడు, అడవి, ఏరు.

శ్రీరామనవమికి వచ్చినవారి డబ్బు కుంకుమ అంగళ్లకును పడవవారికిని చేరును. అది నాలుగునాళ్ల భాగ్యము. వేసవిలోనన్ననో, కోయ స్త్రీలు తెల్లవారకమునుపే అడవికిఁ బోయి బీడీలకు వాడు తునికాకు కోసి తెచ్చి, నీడపట్టున కూర్చుండి, కాడలన్నియు ఒకవైపునకు చేర్చి, 50 ఆకులు లెక్కించి, నారతో బిగించి, కల్లములో వరుసలుగా ఆరబెట్టుదురు. పెదవి కదలకుండ వ్రేళ్లే లెక్కపెట్టు ఆ నేర్పునకు ఎంత కూలి యిచ్చినను తక్కువే యని నా దృఢవిశ్వాసము. ఇప్పపూవు, చింతపండు, తేనె గిరిజన సహకార సంస్థకును సంతలకును పోవును.

ఏటికి మాత్రము ఈ లెక్కలు పట్టవు. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద వరద నీటిమట్టము 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు. గోదావరి పోటెత్తినప్పుడెల్ల సీతవాగు ఎగదన్ని, నారచీరల బండలు మునుగును. అంగళ్లవారు బొమ్మల మూటలు నెత్తిన బెట్టుకొని మెరకకు నడతురు.