పడవ అద్దెకి దొరుకుతుంది... గోదారి దొరకదు!

తెలుగు సినిమాలో గోదారి మీద పడవెక్కినవాడికి ఏదో ఒకటి జరిగి తీరాలి. పూర్వజన్మ గుర్తుకు రావాలి. లేదా ప్రేమ పుట్టాలి. ఆ రెండూ లేకపోతే కనీసం ఓ పాటైనా రావాలి. ఏమీ జరక్కుండా ఎక్కిన రేవు నించి దిగే రేవుకి క్షేమంగా చేరాడంటే దాన్ని సినిమా అనరు, ప్రయాణం అంటారు!

1964లో వచ్చిన ఆదుర్తి సుబ్బారావుగారి ‘మూగమనసులు’నే తీసుకోండి. కొత్త దంపతులు ముచ్చటపడి గోదారి మీద షికారు వెళ్ళారు. నడిమధ్యలో సుడిగుండం. దాంతో వాళ్ళకి పోయిన జన్మ కళ్ళముందు కదిలింది. ఆ జన్మలో అక్కినేని పడవవాడు గోపి, సావిత్రి జమీందారుగారి అమ్మాయి. తర్వాత 1973లో బాపూ రమణలు ‘అందాల రాముడు’ తీశారు. రకరకాల మనుషుల్ని ఒక్క లాంచీలోకి ఎక్కించి భద్రాద్రి దారి పట్టించారు. మళ్ళీ 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ అంటూ సుమంత్‌నీ, కమలినీ ముఖర్జీనీ అదే దారిన పంపించారు. ధవళేశ్వరంలో పుట్టిన రమణగారికీ, నరసాపురంలో పుట్టిన బాపుగారికీ గోదారి మీద ప్రేమ ఉండడంలో వింతేం లేదు. కానీ ఆ సినిమాలు చూసిన హైదరాబాదువాడికీ, అమెరికావాడికీ కూడా ఒకసారి పడవెక్కాలనిపిస్తుంది చూశారా, అదీ గొప్ప!

మా బావకి అలాగే అనిపించింది. చిక్కల్లా ఏమిటంటే, ఆయనకి నలుగురితో కలిసి ఎక్కే లాంచీ అక్కర్లేదు. మొత్తం పడవ మనదే కావాలి!

బావగారి కరిబియన్

మా అక్కా బావా ఉండేది అమెరికాలో. పోయిన సంక్రాంతికి పిల్లలతో సహా వచ్చారు. అంతకు ముందు వేసవిలో వాళ్ళు కరిబియన్ సముద్రంలో, బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో, స్నేహితుల కుటుంబంతో కలిసి ఓ తెరచాప బోటు అద్దెకి తీసుకుని వారం రోజులు తిరిగొచ్చారట. ఇక చూడండి, భోగిమంట దగ్గర్నించి కనుమనాటి గారెల దాకా అదే కథ.

“అక్కడ పద్ధతే వేరోయ్! టొర్టోలా అని ఓ దీవి. అక్కడే బోట్లన్నీ వరసగా కట్టేసి ఉంటాయి. నీకు నడపడం వచ్చని రుజువు చూపిస్తే బోటు నీ చేతికిచ్చేస్తారు. రాకపోతే కెప్టెన్‌ని కూడా ఇస్తారు. మిగతాదంతా మన ఇష్టం. ఒక దీవి నించి చూస్తే ఇంకో దీవి కనిపిస్తూనే ఉంటుంది. నీళ్ళల్లో అడుగు దాకా కనిపిస్తుంది. మన కోనసీమలో ఇలాంటివి లేవా?”

లేకేం! రాజోలు దగ్గర డిండిలో వశిష్ఠ గోదారి మీద హౌస్‌బోట్లున్నాయి. కేరళ పడవల పోలికలోనే ఉంటాయి. అక్కడే టూరిజం వాళ్ళ రిసార్టు కూడా ఉంది. నేను సినిమా పేజీలకి నాలుగు ముక్కలు రాసుకునేవాణ్ణి గనక, షూటింగుల పుణ్యమా అని రేవుల్లో నలుగురు తెలుసు. ఓ ఫోను కొడితే ఒక పగలూ, ఒక రాత్రీ మాకే ఒక బోటు కుదిరింది. పెద్దా చిన్నా కలిపి తొమ్మిదిమందిమి. అందులో మా మామ్మ ఒకరు. వయసు ఎనభై ఆరు.

“నన్నెందుకురా నీళ్ళమీదకి లాక్కెళ్ళడం?” అంటూనే, అందరికన్నా ముందు సంచీ సర్దుకుంది.

మామ్మకిది కొత్తేం కాదు

పడవ కదిలింది. రెండు పడగ్గదులు, ముందువైపు కూర్చోడానికి వసారా, వెనక వంటగది. రెండు ఒడ్లా కొబ్బరితోటలు మెల్లగా వెనక్కి జరుగుతున్నాయి. ఆ కాస్సేపట్లోనే బావ ఓ వంద ఫోటోలు తీశాడు. పిల్లలు “మొసళ్ళుంటాయా?” అని వంటతన్ని అడిగితే అతను “ఉండవమ్మా, రొయ్యలుంటాయి, తింటారా?” అన్నాడు. బావ ఊరుకోకుండా “పులస చేస్తావా?” అని అడిగాడు. వంటతను పకపకా నవ్వాడు.

“ఇప్పుడెక్కడి పులసండీ బాబూ! ఎర్రనీరొచ్చినప్పుడు రండి, చేసి పెడతాను. ఆయ్!”

సముద్రంలో తిరిగే చేప వరదనీటికి ఎదురీదుతూ గోదాట్లోకి వస్తేనే పులస అవుతుంది. అది వానాకాలం మాట. జనవరిలో అడిగితే దొరికేది నవ్వే.

మామ్మ మటుకు వసారాలో కుర్చీ వేసుకుని, మెడలో తువ్వాలు చుట్టుకుని, కాలవల కథ మొదలెట్టింది. ఆవిడ చెప్పేదాకా నాకు తట్టలేదు గానీ, కుటుంబమంతా కలిసి ఒక పడవ మాట్లాడుకోవడం అనేది మనకి కరిబియన్‌వాళ్ళు నేర్పిన విద్య కాదు. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలెట్టి 1852కి పూర్తి చేశాక, కాలవలు తవ్వింది ఒక్క పొలాలకే కాదు, పడవలకి కూడాను. నీటిమట్టం మారేచోటల్లా లాకులు కట్టారు. పడవ లాకులోకి దూరితే వెనక తలుపులు మూసి, నీళ్ళు సమానం చేసి, ముందు తలుపులు తెరుస్తారు. రోడ్లూ బస్సులూ సరిగ్గా లేని రోజుల్లో ధాన్యం వెళ్ళినా, పెళ్ళివారు వెళ్ళినా ఆ దారే.

“మా పెళ్ళికి మగపెళ్ళివారు పడవలోనే తరలొచ్చార్రా. గట్టుమీద ఇద్దరు మనుషులు తాడు పట్టుకుని లాగేవారు. రాత్రంతా ప్రయాణమే. పడవలోనే పులిహోర, పడవలోనే పేకాట, పడవలోనే అలకలూను! మీ తాతయ్యకి జలుబు చేసింది. తాళి కట్టేటప్పుడు కూడా తుమ్ముతూనే ఉన్నారు.”

పిల్లలు నవ్వారు. అక్క ఒక్కసారి కళ్ళు తుడుచుకుంది. తాతయ్య పోయి అప్పటికి రెండేళ్ళు. ఇంట్లో ఆయన ఊసెత్తితే మామ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఇక్కడ లేచి వెళ్ళడానికి చోటు లేదు. చుట్టూ నీళ్ళు. అందుకేనేమో రాత్రి పొద్దుపోయేదాకా ఆయన గురించే చెప్పింది. ఈ ప్రయాణానికి పెట్టిన ఖర్చంతా ఆ రెండు గంటల్లోనే గిట్టుబాటైపోయిందని నాకు అనిపించింది.

సరంగు ‘ఊఁ’ అంటేనే

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికొద్దాం. మా సరంగుకి యాభై దాటి ఉంటాయి. మాటలు తక్కువ. పడవెక్కగానే తొమ్మిదిమందికీ లైఫ్‌జాకెట్లు ఇచ్చి, బకిళ్ళు పెట్టుకునేదాకా ఇంజను తియ్యలేదు. మా నాన్నగారు “ఈతొచ్చినవాళ్ళకెందుకయ్యా?” అంటే, “ఈతొచ్చినోళ్ళే ఏసుకోవాలండి, రానోళ్ళు ఎలాగూ ఏసుకుంటారు” అన్నాడు. నాన్నగారు మారు మాట్లాడకుండా తొడుక్కున్నారు.

చీకటి పడకముందే ఒడ్డు చేరి లంగరేశాడు. రెండు తాళ్ళు కొబ్బరిచెట్లకి కట్టించాడు. డిండి దగ్గర నదికి సముద్రపు ఆటుపోట్లు తగులుతాయి గనక, రాత్రి నీళ్ళు తీసినప్పుడు తాళ్ళు బిగిసిపోకుండా వదులు చూసుకోవాలట.

బావకి మాత్రం ఒక కోరిక మిగిలింది. వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు అంతర్వేది. తెల్లారగట్లే బయల్దేరి, ఆ వైపుగా వెళ్ళగలిగినంత దూరం వెళ్ళి, నీళ్ళమీద సూర్యోదయం చూడాలి. ఐదింటికే అందర్నీ లేపాడు. లేచి చూస్తే ఏముంది? మంచు! సంక్రాంతి నాటి కోనసీమ మంచు అంటే చూసినవాళ్ళకే తెలుస్తుంది. ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్టుకి మొదలు కనిపిస్తే తల కనిపించదు. గోదారి లేనేలేదు, తెల్లటి గోడ!

సరంగు తీరిగ్గా టీ తాగుతున్నాడు.

“ఎప్పుడు తీస్తావోయ్?” అన్నాడు బావ.

“మంచిడాలండి.”

“ఎప్పుడు విడుతుంది?”

“అది దాన్నడగాలండి.”

బావకి చిర్రెత్తుకొచ్చింది. “ఇంతదూరం వచ్చింది మంచు చూడ్డానికా? డబ్బు మొత్తం ముందే కట్టాం. లైటేసుకుని మెల్లగా పోనీ!”

సరంగు కోపం తెచ్చుకోలేదు. బతిమాలలేదు కూడా. “డబ్బు పడవకిచ్చారండి బాబూ. గోదారికివ్వలేదుగదండీ” అన్నాడు. గ్లాసు కడిగి బోర్లించాడు.

అక్క కల్పించుకుంది. “ఏవండీ, టొర్టోలాలో చీకటిపడ్డాక బోటు నడపకూడదని కాగితం మీద సంతకం పెట్టారు కదా? అక్కడ ఒక్క మాటైనా ఎదురు చెప్పారా?”

నిజమే! ఆ దీవుల్లో బోటు అద్దెకిచ్చే కాగితాల్లో సాధారణంగా రాత్రి నడపరాదనే షరతు ఉంటుంది. అక్కడది అచ్చు కాగితం మీద ఇంగ్లీషులో ఉంటుంది గనక రూలు. ఇక్కడ సరంగు నోట్లో తెలుగులో ఉంది గనక మొండితనం!

ఈ గలాటా నడుస్తూండగానే మంచులోంచి ఓ కేక వినబడింది. మా ఎదటే, నాలుగు బారల దూరంలో, ఓ చిన్న నావ తేలి వచ్చింది. అందులో ఇద్దరు. ఒకామె గెడ వేస్తోంది, ఒకతను వంగి వల లాగుతున్నాడు. లైటు లేదు, ఇంజను లేదు, చప్పుడు లేదు. సరంగు “ఏం పడ్డాయిరా?” అని అడిగాడు. వాళ్ళేదో చెప్పారు. మళ్ళీ మంచులో కలిసిపోయారు. అంతా కలిపి ఒక్క నిమిషం.

ఎవరూ ఏమీ అనలేదు. మేం బయల్దేరి ఉంటే వాళ్ళ మీదుగానే వెళ్ళి ఉండేవాళ్ళం. మాకేమీ అయ్యుండేది కాదు. అంత పెద్ద పడవకి అదొక చిన్న కుదుపు. బావ కాస్సేపు అటే చూసి, లోపలికెళ్ళి తన జాకెట్టు తెచ్చుకుని వేసుకున్నాడు. కట్టేసిన పడవలో ఎందుకని ఎవరూ అడగలేదు.

మంచు విడేసరికి ఎనిమిది దాటింది. అంతర్వేది వైపు కొంత దూరం వెళ్ళాం. నరసాపురానికీ సఖినేటిపల్లికీ మధ్య మోటారు సైకిళ్ళనీ మనుషుల్నీ మోస్తూ పంటు అడ్డంగా తిరుగుతోంది. సూర్యుడు అప్పటికే నడినెత్తికి బయల్దేరాడు. ఫోటోలు బాగానే వచ్చాయి.

తెరమీద కనిపించని మనిషి

2019 సెప్టెంబరు 15 ఆదివారం నాడు పాపికొండల దారిలో, దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర ‘రాయల్ వశిష్ఠ’ అనే బోటు మునిగింది. గోదారి 5 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో ఉంది. అప్పటి వార్తల లెక్కన బోటులో 77 మంది. బయటపడింది 26 మంది. కాకినాడకి చెందిన ధర్మాడి సత్యంగారి బృందం ఎన్నో రకాలుగా ప్రయత్నించి, చివరికి అక్టోబరు 22న ఆ బోటును పైకి లాగింది. ఆ తర్వాత కొంతకాలం విహారం బోట్లు ఆపేశారు. మళ్ళీ మొదలయ్యాయి. మొదలవకుండా ఎలా ఉంటాయి? వాటి మీద బతికేవాళ్ళున్నారు, వాటికోసం వచ్చే మనబోటివాళ్ళున్నాం.

తప్పెవరిదన్నది తేల్చడం నా పని కాదు. నేను చెప్పేది ఒక్కటే. పడవ అద్దెకి తీసుకున్నప్పుడు మనం కొనేది ఏసీ గదీ కాదు, రొయ్యల వేపుడూ కాదు. “ఇవాళ వెళ్ళకూడదు” అని మన మొహం మీద చెప్పగలిగిన ఒక మనిషిని కొంటున్నాం. అతను ఆ మాట అన్నప్పుడు, డబ్బిచ్చాం కదా అని అతని నోరు మూయిస్తే మన సరుకు మనమే పారేసుకున్నట్టు. జాకెట్లు మనుషులకి సరిపడా ఉన్నాయా, చీకటిపడ్డాక నడుపుతారా, వెళ్ళొద్దని చెప్పే హక్కు సరంగుకుందా... బేరమాడే ముందు ఈ మూడూ అడగండి. మెనూ తర్వాత అడగొచ్చు.

సినిమావాళ్ళని కూడా ఒక్క మాట అనాలి. గోదారి మీద అన్ని పడవ పాటలు చూశాం. హీరో తెడ్డు పట్టుకున్నాడు, హీరోయిన్ నీళ్ళు చిమ్మింది, కెమెరా పక్క పడవలోంచి తిరిగింది. ఆ రెండు పడవల్నీ ఢీకొనకుండా నడిపినవాడు ఎవరో? గాలి తిరిగింది ఇవాళ్టికి చాలు అని డైరెక్టరుతో అనగలిగినవాడు ఎవరో? టైటిల్స్‌లో అతని పేరు నాకైతే ఎప్పుడూ కనిపించలేదు. ‘మూగమనసులు’లో గోపి లాంటి పడవవాడికి తెరమీద రెండు జన్మలిచ్చారు మనవాళ్ళు. తెరవెనక పడవవాడికి టైటిల్స్‌లో ఒక్క వరస ఇస్తే సొమ్మేం పోదు!

దిగేటప్పుడు బావ సరంగు చేతిలో విడిగా కొంత పెట్టి, “ఈసారి పులస సీజన్లో వస్తాం, నీ బోటే కావాలి” అన్నాడు. పక్కనే ఉన్న వంటతను సంబరపడ్డాడు. సరంగు మటుకు డబ్బు జేబులో పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

“పులస తినాలంటే రోడ్డుమీద రండి బాబూ, మా ఇంటికాడ వండిస్తాను. పడవ మీదకి మాత్రం ఎర్రనీరు తీసాకే.”