అయిదు దినముల సెలవు

2022వ సంవత్సరము జూలై నెలలో మాయింట మేమొక అబద్ధమాడితిమి. ఆడినవారము తల్లిదండ్రులము; దాని బరువు మోసినవాడు తొమ్మిదేండ్ల బిడ్డడు.

మేము కాపురముండునది ఇంగ్లండు దేశమున, లాంకషైరులోని యొక పాత నూలుమిల్లుల పట్టణము. మా అత్తగారు తెనాలి దగ్గర పల్లెలో ఒంటరిగా నుందురు. ఇచ్చటి బడులకు వేసవి సెలవులు జూలై తుదివారమున మొదలగును. విమానపు టిక్కెట్ల ధరలును ఆ దినముననే పైకెగయును. ఒక్క వారము ముందుగా బయలుదేరినచో నలుగురిమీద వందలకొలది పౌండ్లు మిగులును. ఆ సొమ్ము మిగులనియెడల మాకు ప్రయాణమే లేదు. కావున పిల్లలిద్దరికిని జ్వరమని బడికి కబురంపి విమానమెక్కితిమి. సెప్టెంబరులో బడి తెరచిననాడు పంతులమ్మ గుమ్మముకడ నిలిచి, జ్వరము తగ్గినదా యని పిల్లవానిని ఆప్యాయముగా నడిగెను. వాడు బదులు చెప్పక నా ముఖము వంక చూచెను. ఇంటికి వచ్చుచు దారిలో, "అమ్మా, నాకు జ్వరం రాలేదు కదా?" అని మాత్రమనెను. సత్యము పలుకవలెనని ప్రతిదినము వానికి బోధించిన నోరు నాకు ఆనాడు పెగలలేదు.

నా తప్పును చట్టముమీదికి నెట్టుటకు ఈ మాట చెప్పుటలేదు. కాని చట్టమెట్లున్నదో చదువరులు తెలిసికొనవలయును. 2013 సెప్టెంబరునకు పూర్వము ప్రత్యేక కారణములున్నచో ప్రధానోపాధ్యాయులు యేడాదికి పది దినములవరకు ప్రయాణమునకు సెలవీయగలిగి యుండిరి. పిమ్మట ఆ వీలు తీసివేయబడి, అసాధారణ పరిస్థితులయందు తప్ప సెలవు లేదన్న నిబంధన వచ్చెను. అనుమతి లేక బిడ్డను మాన్పించినచో జరిమానా పడవచ్చును. మే మబద్ధమాడిన నాటికి అది 60 పౌండ్లు. 2024 ఆగస్టునుండి 80. మూడువారములలో చెల్లింపనిచో 160. ఇది తల్లికి వేరు, తండ్రికి వేరు, ఒక్కొక్క బిడ్డకును వేరు. ఇద్దరు బిడ్డలున్న యింట 320 పౌండ్లన్నమాట. ఐల్ ఆఫ్ వైట్ ద్వీపమందలి తండ్రి యొకరు 2015లో కుమార్తెను బడిదినములలో ఫ్లారిడాకు గొనిపోయి, జరిమానా చెల్లింపక న్యాయస్థానముల కెక్కిరి. 2017 ఏప్రిలులో అత్యున్నత న్యాయస్థానము ఆయనకు ప్రతికూలముగా తీర్పు చెప్పెను. క్రమముగా బడికి వచ్చుట యనగా బడి నియమముల ననుసరించి వచ్చుటయే యని దాని సారాంశము.

బిడ్డ బడి మానరాదనుట మంచి నియమమే. కాని దాని భార మెవరిమీద బడుచున్నది? కలవాడు ఆగస్టు ధరయే యిచ్చి పోవును. నడిమి తరగతివాడు లెక్క వేసికొని, జరిమానాను టిక్కెట్టు వెలలో నొక భాగముగా నెంచి చెల్లించును. పేదవాడు రెండును చేయలేక ఇంటనే కూర్చుండును. లేదా మావలె అబద్ధమాడును. అందరికి నొక్కటేయైన నియమము అందరిమీద నొక్కటిగా పడుటలేదు.

ఇచ్చటి బడులలో పిల్లలకు యేడాదికి 190 దినములు చదువు. ఉపాధ్యాయులకు 195 దినములు పని. ఈ అయిదు దినములు ఉపాధ్యాయుల శిక్షణకు కేటాయింపబడినవి. 1986 మొదలు 1989 వరకు విద్యామంత్రిగా నుండిన కెన్నెత్ బేకరు కాలమున ఏర్పడినందున వీనిని బేకరు దినములనియు పిలిచిరి. వీనిని ఎప్పుడు జరుపవలెనో సాధారణముగా బడియే నిర్ణయించుకొనును. పలుచోట్ల ఇవి ఒక సోమవారము, ఒక శుక్రవారముగా చెదరియుండును. మా పొరుగింటామె ఆసుపత్రిలో గదులు శుభ్రము చేయును. చెదరిన యొక్కొక్క దినమును ఆమెకు ఒకనాటి కూలి నష్టమే కాని విశ్రాంతి కాదు.

ఇటీవల కొన్ని బడులు ఈ దినముల నొక్కచోట చేర్చుచున్నవి. మా పిల్లల బడియు 2025లో అట్లే చేసెను. మే నెల తుది సెలవువారమునకు జూన్ మొదటివారము కలిపి, శిక్షణను యేడాది పొడవున సాయంకాలములందు గంటలకొలదిగా జరిపిరి. చదువులో నొక్క దినమును తగ్గలేదు.

ఇది విపరీతమైన క్రొత్త పోకడ యని కొందరందురు. కాని యీ లాంకషైరులోనే పూర్వము ఒక్కొక్క మిల్లు పట్టణము వేసవిలో ఒక్కొక్క వారము మూతపడెడిది. వేక్స్ వారమని దాని పేరు. ఊరంతయు రైలెక్కి బ్లాక్‌పూల్ సముద్రతీరమునకు పోయెడిది. పలుచోట్ల బడులును ఆ వారమునే సెలవిచ్చెడివి. పనివారి సెలవుననుసరించి బడి నడచిన దేశమునకు ఇది మరచిన పాఠమే కాని తెలియని పాఠము కాదు.

ఉపాధ్యాయినియైన నా స్నేహితురాలు వేరొక ఆక్షేపణ చెప్పినది: "దినమంతయు పిల్లలతో వేగి, సాయంకాలము శిక్షణకు కూర్చున్నవారికి ఏమి తలకెక్కును?" ఈ మాట త్రోసివేయదగినది కాదు. ఉపాధ్యాయుని శిక్షణ పేరునకు మాత్రమే జరిగినచో నష్టపోవువారు మన బిడ్డలే. అయినను సెలవుకాలపు అధికధరలకు బానిసలైనవారిలో ఉపాధ్యాయులు మొదటివారని ఆమెయే యొప్పుకొనినది. వారికి బడిదినములలో సెలవు దొరకదు గదా!

కనుక నా మనవి యిది. దినములను చేర్చుట ఉపాధ్యాయుల సమ్మతితో జరుగవలెను. తేదీలు ఒక యేడాది ముందుగా తెలుపవలెను. లేనిచో పొరుగింటామె వంటివారికి అయిదు దినములు వరుసగా బిడ్డలను చూచుకొనుట మరింత కష్టము. ఒక పట్టణమందలి చిన్నబడులును పెద్దబడులును ఒక్కమాటమీద నుండవలెను. అన్నకు బడి, తమ్మునికి సెలవు అయినచో ఫలమేమి? అట్లని దేశమంతట నొక్కటే వారము పెట్టరాదు. పెట్టినచో ధరలు ఆ వారముననే పెరుగును.

ఆ జూన్ వారమున పొరుగింటామె తన బిడ్డలతో తొలిసారి బ్లాక్‌పూల్‌లో నాలుగు రాత్రులుండి వచ్చినది. మేము రోహిణీకార్తె యెండలలో అత్తగారి యూరికి పోతిమి. పిల్లలు ఆమె ప్రక్కన చేరి తాటిముంజలు తినిరి. తిరిగి వచ్చిన పిదప, సెలవులలో నేమి చేసితివని పంతులమ్మ గుమ్మముకడనే మావాని నడిగినది. వాడు నా వంక చూడలేదు. ముంజెకాయను వ్రేలితో నెట్లు తోడవలెనో చేయి త్రిప్పి చూపుచు ఆమెతో లోపలికి నడచిపోయినాడు.