ఆరో నంబరు అరలో

2023 వేసవిలో సియాటిల్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు, అది శనివారాలు వెళ్లి సాయం చేసే గోదాముకు నన్నూ వెంటబెట్టుకెళ్లింది. వాళ్లుండే బాతెల్ వైపు ఎటు తిరిగినా మనవాళ్లే. దక్షిణాన కెంట్, టక్విలా వైపు దృశ్యం వేరు. సొమాలియా, అఫ్గానిస్థాన్, ఉక్రెయిన్ వదిలి వచ్చినవాళ్లు అక్కడ చాలామంది. వాళ్ల పసిపిల్లలకు కావలసిన సామాను ఈ గోదాము నుంచి వెళ్తుంది.

పెద్ద అట్టపెట్టెలు విప్పి, డైపర్లు 25 చొప్పున లెక్కపెట్టి, కవరు చుట్టి, పైన సైజు అంకె వేయాలి. విస్తళ్లు కట్టలు కట్టిన చేతులకు ఇదో లెక్కా!

కానీ ఒకటి మింగుడు పడలేదు. మనమంతా పాత నూలు చీరలు, పంచెలు చింపి పిల్లల్ని పెంచినవాళ్లమేగా, వీళ్లకు గుడ్డలు పనికిరావా? పక్కనున్న నరసరావుపేట అమ్మాయిని అడిగాను.

"ఎక్కడ ఉతుకుతారాంటీ?" అంది.

అద్దె ఇళ్లలో చాలావాటికి వాషింగ్ మెషిన్ ఉండదట. డబ్బులేసి ఉతుక్కునే లాండ్రీల్లో పిల్లల మైలగుడ్డలు చాలాచోట్ల వేయనివ్వరు. డేకేర్‌లో దింపాలంటే డైపర్లు తల్లే తెచ్చివ్వాలి. గుడ్డలంటే ఎక్కువమంది ఒప్పుకోరు. డైపర్ లేకపోతే డేకేర్ లేదు, డేకేర్ లేకపోతే తల్లి పనికి పోలేదు. శరణార్థులకు దిగగానే అందే తొలివిడత సాయమేమో అప్పట్లో 90 రోజులే. ఫుడ్ స్టాంపులతో బియ్యం, పాలు కొనుక్కోవచ్చు, డైపర్లు కొనడానికి వీల్లేదు. బాలింతలకు తిండి సరుకులు, పసిపిల్లలకు పాలపొడి ఇచ్చే ప్రభుత్వ పథకంలోనూ అవి లేవు. ఇంత పెద్ద దేశం బిడ్డ తిండి గురించి ఆలోచించి అక్కడితో ఆగిపోయిందేమిటో!

అవతల బల్ల మీద ఒక పెద్దాయన కారు సీట్లు తిరగేసి, వెనక స్టిక్కరు మీద తయారైన తేదీ చూస్తున్నాడు. ఈ రాష్ట్రంలో రెండేళ్లలోపు బిడ్డను వెనక్కి తిరిగి ఉండే సీట్లోనే కూర్చోబెట్టి పట్టీ పెట్టాలి. నా కళ్లముందే, బంగారంలా ఉన్న సీటు పట్టీలు కత్తెరతో టకటకా కోసేశాడు. గడువు దాటిందట. ఊరికే పారేస్తే ఎవరో ఒకరు ఏరుకుపోయి బిడ్డను కూర్చోబెడతారు, అందుకని. పేదవాళ్లేగా, ఏదో ఒకటి అన్న మాట ఇక్కడ చెల్లదు. నాకది బాగా నచ్చింది.

కుటుంబాలు ఇక్కడికొచ్చి వరుసలో నిలబడక్కర్లేదు. నర్సులో, సామాజిక కార్యకర్తలో వాళ్ల తరఫున అడుగుతారు. మధ్యాహ్నం నా చేతికొచ్చిన చీటీలో పేర్లు లేవు. పాప, 3 వారాలు. బాబు, 26 నెలలు, సైజు 6. భాష దరీ, అఫ్గానిస్థాన్‌లో మాట్లాడేది.

పాప సైజు కట్టలు కప్పు దాకా ఉన్నాయి. చుట్టాలైనా దాతలైనా కొనేది పురిటిబిడ్డకే కదా. ఆరో నంబరు అర మాత్రం ఖాళీ. పర్యవేక్షకురాలు వచ్చి చూసింది, బాబు బరువు ఎంతో ఫోన్ చేసి కనుక్కుంది, ఐదో నంబరు కట్టలు రెండు సంచిలో వేయమంది.