భీంకు చదువు రాదా?

బోథ్ నుంచి సినిమాకు పోవుడంటే సగం రోజు పని. ఆదిలాబాద్ దాదాపు 50 కిలోమీటర్లు. పొచ్చెర జలపాతానికి పోయే తొవ్వ దాటి, 44వ నంబర్ హైవే ఎక్కి, ఇచ్చోడ, గుడిహత్నూర్ మీదుగా పోవాలె. ఫస్ట్ షోకు పోవాలంటే మధ్యాహ్నం అన్నం తినంగనే బయల్దేరాలె. హైదరాబాద్‌లో ఆఫీసు నుంచి ఇంటికి పోతూ టికెట్ బుక్ చేసుకునే అలవాటు ఇక్కడ పని చెయ్యదు.

2022 మార్చి నెలాఖరు. వర్క్ ఫ్రం హోం పుణ్యమా అని నేను ఇంకా ఇంటికాడనే ఉన్న. మార్చి 25న ఆర్ఆర్ఆర్ వచ్చింది. మా దోస్తు ఫోన్ చేసి, "మా భీం సినిమా వచ్చింది, తాతను కూడా తీస్కపోదాం, నీ కారు తియ్యి" అన్నాడు. వాడు గోండు, పక్క గూడెం. ఇద్దరం ఒకే బడిలో పదో తరగతి దాకా చదివినం. తాతకు డెబ్బై దాటినయ్. థియేటర్‌కు పోయి ఇరవై ఏళ్లయిందని ఆయన లెక్క.

పొద్దంతా ఎండ దంచింది. రోడ్డుకు రెండు దిక్కులా మోదుగులు చివరి పూతలో ఉన్నయ్. ఇప్పచెట్ల కింద పువ్వు రాలుతున్నది. వాసన కారు అద్దం దించంగనే లోపలికొచ్చింది. తాత ముందు సీట్లో తువ్వాల ఒళ్లో పెట్టుకుని, ఏ ఊరు ఎప్పుడు ఎట్లుండెనో చెప్పుకుంటూ కూర్చున్నడు.

హాల్ కిక్కిరిసింది. సినిమా మొదట్లనే ఆదిలాబాద్ అడవి, గోండుపిల్ల మల్లి, ఆ పిల్లను దొరసాని తీస్కపోవుడు. అక్కడికే మా వరుస మొత్తం గమ్మున అయింది. ఎన్టీఆర్ పులితో కనిపించేసరికి కాగితాలు ఎగిరినయ్. మా దోస్తు విజిల్ వేసిన తీరు చూస్తే వాడికి గొంతు పోతదేమో అనిపించింది. ఇంత పెద్ద తెర మీద, ఇంత పెద్ద హీరో తన తెగ పేరు చెప్పుకుంటున్నడు మరి. నాకు కూడా ఒళ్లు జలదరించింది, అబద్ధం ఎందుకు.

'కొమురం భీముడో' పాటప్పుడు కొరడా దెబ్బలు పడుతుంటే తాత వైపు చూసిన. ఆయన కదల్లేదు. సుద్దాల అశోక్‌తేజ రాసిన ఆ పాటను కాలభైరవ పాడినప్పుడు వెనక వరుసలో ఎవరో ముక్కు చీదిన చప్పుడు.

ఆఖర్ల, యుద్ధం గెలిచాక, రామ్ భీంను అడుగుతడు, నీకేం కావాలె అని. భీం చదువు అడుగుతడు. రామ్ జెండా మీద జల్ జంగల్ జమీన్ అని రాస్తడు. హాలంతా చప్పట్లు. మా దోస్తు నిలబడి కొట్టిండు. తాత మాత్రం తువ్వాల మడత పెట్టి భుజాన వేసుకుని లేచిండు.

హైవే మీద చాయ్ కోసం ఆగినం. అప్పుడు అడిగిండు తాత, "భీంకు చదువు రాదని ఎవరు చెప్పిండ్రు వాళ్లకు?"

మేం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నం.

"చాందాల ప్రెస్సుల పని చేసిండు. అస్సాంల చాయ్ తోటలకాడ ఉన్నడు. ఉర్దూ వచ్చు, తెలుగు వచ్చు. అక్షరాలు నేర్చుకునే వచ్చిండు, గప్పుడే పన్నెండు గూడేలను జమ చేసిండు."

చాందా అంటే ఇప్పటి చంద్రాపూర్. సిద్దిఖీ అనే జాగీరు మనిషితో గొడవయి ఊరు విడిచిన భీంను అక్కడ విఠోబా అనే ప్రెస్సు యజమాని చేరదీసి చదువు నేర్పిండని ప్రచారంలో ఉన్న కథ. ఆయన కొట్లాడింది కూడా ఢిల్లీ తెల్లదొరలతో కాదు, నిజాం జంగ్లాత్ వాళ్లతో, పట్వారీలతో, భూములు గుంజుకున్న సాహుకార్లతో. 1940లో జోడేఘాట్‌లో పోలీసు తూటాలకు చనిపోయిండు. అల్లూరి సీతారామరాజును చంపింది 1924లో. ఇద్దరి మరణాల మధ్య 16 ఏండ్ల తేడా. కల్పిత కథ అని రాజమౌళి ముందే చెప్పిండు కాబట్టి ఆ లెక్కల మీద నాకు పేచీ లేదు. కానీ చదువు సంగతి వేరే. ఒకడు చదివినోడు, ఇంకొకడు అడవి మనిషి అని జోడీ కట్టడానికి భీం చేతిలోని పలకను లాగేసినట్టయింది.

మా దోస్తు ఒప్పుకోలేదు. "సినిమానే తాతా. అల్లాణి శ్రీధర్ సార్ 1990లో తీసిన కొమరం భీం సినిమా ఎప్పుడొచ్చింది? 2010ల. ఎందరు చూసిండ్రు? ఇప్పుడు ఊరూరికి భీం ఎవరో తెలిసింది."

తాత సాసర్‌లో చాయ్ పోసుకుంటూ, "తెలిసింది మరి, చదువు రాదని," అన్నడు.

నేను మధ్యలో మాట్లాడలేదు. మాట్లాడటానికి నా దగ్గర ఏమీ లేదు. ఈ జిల్లాలోనే బడికి పోయి, ఇంజినీరింగ్ చేసి, కోడ్ రాసి బతుకుతున్న నాకు భీం అంటే బస్సు కిటికీలోంచి కనబడే తుపాకీ విగ్రహం. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన 'కొమురం భీము' నవల ఉందని కూడా అప్పటికి తెలియదు. ఆయన చనిపోయాక నిజాం సర్కారు హైమెన్‌డార్ఫ్‌ను గోండుల మధ్యకు పంపింది, మార్లవాయిలో 1943లో గోండు టీచర్లను తయారుచేసే కేంద్రం తెరిచిండ్రు. ఇదంతా ఆ రాత్రి తర్వాత వెతికి చదువుకున్నదే. మా సోషల్ పుస్తకాల్లో దీనికి దొరికిన జాగా చాలా తక్కువ.

తాత ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి భీం వర్ధంతి కోసం జోడేఘాట్ పోతడట. ఇంద్రవెల్లి, ఉట్నూర్, జైనూర్ దాటి, కెరమెరి ఘాట్ దిగి, హట్టి నుంచి లోపలికి. "ఈసారి నీ కారుల పోదాం," అన్నడు నాతో. దోస్తు నవ్విండు, "టికెట్ బాకీ అట్ల తీర్చుకుంటవా తాతా!" అని.

మళ్లీ కారెక్కినంక వాళ్లిద్దరూ గోండిలో చాలాసేపు వాదించుకున్నరు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. భీం, ఎన్టీఆర్ అనే పేర్లు తప్ప.

గూడెం చేరేసరికి అర్ధరాత్రి. ఇంటి ముందు దింపంగనే లోపలికి రమ్మన్నడు తాత. పొద్దుపోయిందన్న. "మంచిది. నేను కూడా పండాలె, తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరాలె. పశువులు తినకముందు," అని, లోపలికి పోబోయి మళ్లీ వెనక్కి తిరిగిండు.

"ఆ పులి మాత్రం మస్తుగున్నది," అన్నడు.