ముఖం లేని మాటలు

యాహూ మెసెంజర్ 2018 జులై 17న మూతపడింది. ఆ వార్త చదివినప్పుడు నా కళ్ళ ముందు మెదిలినవి పసుపుపచ్చని నవ్వుబొమ్మలే.

హైదరాబాదు నెట్ సెంటర్లలో గంటకింత చొప్పున డబ్బు కట్టి, వయసు, లింగం, ఊరు అన్న మూడు ప్రశ్నలతో పరిచయాలు మొదలుపెట్టేవాళ్ళం. తెల్లవారేదాకా నాతో కష్టసుఖాలు చెప్పుకున్న ఒక నేస్తం కంఠస్వరం ఎలా ఉంటుందో నేటికీ ఎరుగను. ఒకనాడు ఆ పేరు పక్కన దీపం ఆరిపోయింది. జబ్బు చేసిందో, పెళ్ళయిందో, విసుగే పుట్టిందో! పరామర్శకు వెళదామంటే వీధి తెలియదు. వాకబు చేద్దామంటే ఇరుగుపొరుగు లేరు.

పక్కింటివాడితో పోట్లాడినా మర్నాడు ఎదురుపడక తప్పదు. అక్కడ ఒక్క మీట నొక్కితే మనిషే మాయం. విడిచిపోవడం అంత సులువైన చోట, నిలిచి ఉండడానికి విలువెక్కడిది? అయినా మర్నాటి రాత్రి మళ్ళీ కూర్చునేవాళ్ళం. మనిషి కోసమా, మరుక్షణం రాబోయే జవాబు కోసమా?

మీ జాబితాలోని పేర్లలో ఎన్నింటికి ముఖాలున్నాయి?