పురుటి చేట

మా యమ్మాయికి తొలికాన్పు. తొలికాన్పు పుట్టింట జరుగుట మన యాచారము. కాని యల్లునికి ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున ఉద్యోగమగుటచే, పుట్టిల్లే జూలూరుపాడు విడిచి విమానమెక్కవలసి వచ్చెను. ఆ ప్రయాణమున మేము నేర్చిన సంగతి తోడి తల్లులకు పనికివచ్చునని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము పోగుచేసినవి మా చేని యెండుమిరపకాయలు, కందిపప్పు, ధనియాలు, జీలకర్ర, ఒడి నింపుటకు బియ్యము. అన్నిటికంటె ముఖ్యమైనది వెదురుచేట. పుట్టిన బిడ్డను చేటలో పరుండబెట్టుట మా యింటి వాడుక. మా యమ్మాయిని పరుండబెట్టిన చేట అటకమీద గుడ్డలో చుట్టి భద్రముగా నుంచితిమి.

ఇంతలో అల్లుడు ఫోనులో, "అత్తయ్యగారూ, మీరు చెప్పిన దినుసులన్నియు 2020 నుండి ప్రయాణికుల సామానులో నిషిద్ధములు. చేటను తేవచ్చును గాని, ప్రయాణికుల కాగితమున తప్పక వ్రాసి చూపవలెను" అనెను. మాకు కోపము వచ్చెను. ఖమ్మము మిరప దేశదేశములకు పోవుచుండగా, కూతురికి గుప్పెడు కాయలు కొనిపోరాదా? పొరుగింటి వదినగారు, "చీరల మడతలలో పెట్టుడు, ఎవరు చూతురు?" అనిరి. మా మనసును అటే మొగ్గెను.

ఆ సాయంకాలము పాత చేటను దింపి గుడ్డ విప్పితిమి. సన్నని పిండి జలజల రాలెను. వెదురుబద్దలనిండ సూదిమొనంత రంధ్రములు! పుచ్చుపురుగు లోపల కాపురము చేయుచున్నది. ఇన్నేండ్లు భద్రముగా దాచితిమనుకొన్న దానిలో ఏమున్నదో మాకే తెలియదు. మడతలలో దాచు మిరపకాయలలో ఏమున్నదో మాత్రము మాకెట్లు తెలియును?

అల్లుడు చెప్పిన ఖప్రా పురుగు మన దేశపుదే. నువ్వుగింజకంటె పెద్దది కాదు. దాని పిల్లపురుగు తిండి లేకున్నను సందులలో నక్కి యేండ్ల తరబడి బ్రదుకును. గాదెల ధాన్యమును పొట్టు చేయును. 1953లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కనబడగా, దానిని నిర్మూలించుటకు పదియేండ్లకు పైగా పట్టెను. అంత దూరమేల? మన చేలగట్లపై వయ్యారిభామ లేదా? అది 1955 ప్రాంతమున పూనాలో మొదట కనబడినది. పరదేశపు గోధుమలతో వచ్చినదని చెప్పుదురు. నేడు దానిని పీకిన కూలివారి చేతులు దురదతో పుండ్లు పడుచున్నవి. ఒకరి యజాగ్రత్తను మరొక దేశపు స్త్రీలు మోయుట యనగా నిదియే. మన దేశమునకును 1914 నుండి ఇట్టి చట్టమున్నది.

దినుసులన్నియు ఇంటనే విడిచితిమి. మేదరి యింట క్రొత్త చేట నల్లించితిమి. క్రొత్త చేటను పేడతో అలుకుట మన పద్ధతి. పేడను అచ్చట రానీయరు గనుక అలుకలేదు. బాగుగా ఎండబెట్టి, తట్టి చూచి, కాగితమున వ్రాసి, పెట్టెలో పైననే యుంచితిమి. ఉన్నది ఉన్నట్లు చెప్పినచో, వస్తువును తీసికొన్నను శిక్ష లేదు; దాచినచో జరిమానా, ఒక్కొక్కప్పుడు వీసా రద్దు. అధికారిణి చేటను వెలుతురున త్రిప్పి చూచి, పురుగు గాని బెరడు గాని లేదని తెలిసికొని, నవ్వుచు తిరిగి యిచ్చెను.

అచ్చటి అంగడి బియ్యముతోనే అమ్మాయి ఒడి నింపితిమి. బియ్యము వేరైనను దీవెన మాదే. పదునైదవ నాడు మనుమరాలు పుట్టెను. మా మేదరి యల్లిన చేటలో కన్నులు మూసికొని పడుకొనెను.

పాత చేటను పొయ్యిలో వేయుటకు మనసొప్పకున్నను, తిరిగివచ్చిన పిమ్మట వేసితిమి. దానిలోని పురుగు తక్కిన చేటలకు ప్రాకరాదు గదా.