కాగితాన్ని విడదీసే తొట్టి

బాలలూ! పరీక్షలు కాగానే పాత నోటుపుస్తకాలు తూకానికి అమ్మేస్తారు గదా. నేను ముప్ఫైయేళ్లకు పైగా ఎర్రసిరాతో దిద్దిన కాగితాలూ అలాగే పోయాయి. వాటి గతి ఏమిటో చూడాలని, రిటైరైన తరవాత ఒక అట్టల మిల్లుకు వెళ్లాను.

అక్కడ బావి వంటి ఇనుప తొట్టి ఉన్నది. దాన్ని పల్పర్ అంటారు. అందులో నీళ్లూ, చిత్తుకాగితాలూ పోస్తారు. అడుగున రెక్కల చక్రం గిర్రున తిరుగుతుంది. నూటికి తొంభై వచ్చిన కాగితమూ, తొమ్మిది వచ్చిన కాగితమూ కాసేపటిలో ఒకే బూడిదరంగు గుజ్జయ్యాయి!

ఆ చక్రం కాగితాన్ని నరుకుతుందనుకునేరు, కాదు. 17వ శతాబ్దంలో హాలెండువారు గుడ్డపేలికల కోసం చేసిన యంత్రానికైతే ఇనుప పట్టీలుండేవి. అది నలిపేది, కోసేది. పల్పర్ పని వేరు. కాగితమంటే సన్నని పీచుల అల్లిక. ఎండినప్పుడు పీచులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, తడిస్తే ఆ పట్టు సడలుతుంది. చక్రం వాటిని తెంపకుండా విడదీయాలి. పీచు పొట్టిదైతే అట్టకు బలముండదు. ఎంత జాగ్రత్త పడినా ఒక పీచు సుమారు 5 నుంచి 7 సార్లే పనికి వస్తుంది.

గుజ్జు అడుగున ఉన్న జల్లెడగుండా దిగిపోతుంది. మరి దిగనివో? తొట్టిలోకి ఒక తాడు వేలాడుతుంటుంది. దారాలూ, తీగలూ, ప్లాస్టిక్కూ దానికి చుట్టుకుంటాయి. యంత్రం దాన్ని మెల్లగా పైకి లాగుతుంది. నేను చూసినప్పుడు ఆ తాడు నా తొడంత లావున్నది. దాని నిండా నోటుపుస్తకాల ప్లాస్టిక్కు కవర్లే. ఒకదానిమీద చీటీ ఇంకా అంటుకునే ఉన్నది: ఆరో తరగతి, బి సెక్షను. పేరు మాత్రం నీళ్లలో కలిసిపోయింది.